బుగ్గలు నింపిన చెయ్యి

ఆ బొమ్మలో మనిషి చొక్కా కాలరు ఒకవైపు లేచి ఉంటుంది, రెండోవైపు కోటు లోపలికి మడతపడి ఉంటుంది. మొట్టమొదట నా కన్ను పడింది దాని మీదే. ఆ తర్వాత ముక్కు కొన మీది ఎరుపు, కళ్ళ కింద ఉబ్బు, దువ్వెన మొహం చూడని గడ్డం. వేసినవాడు ఆషామాషీ మనిషి కాదని ఆ పాత కోటు భుజం మీద వెలుతురు పడిన తీరు చూస్తేనే తెలిసిపోతుంది. అంత చేయి తిరిగినవాడికి ఒక కాలరు సర్దడం ఎంత పని? అయినా సర్దలేదు.

"గీ బొమ్మ గీసినాయనకు గా మనిషంటే పడదన్నా," అన్నాను. "లేకుంటే దోస్తును గిట్ల గీస్తడా ఎవడన్న?"

అన్న నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగేదాకా ఆ బొమ్మ ఉన్న పుస్తకం మూసి కూర్చున్నాం.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. ఆయనది గోదావరి జిల్లా, నాది జగిత్యాల పక్కన పల్లె. నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. బహ్రెయిన్‌లో, హూరాలో ఒక పాత బిల్డింగు రెండో అంతస్తులో ఆరుగురం ఉండే గదిలో కింద మంచం ఆయనది, పై మంచం నాది. మా ఊళ్ళో అడిగితే మాత్రం నేను ఇప్పటికీ దుబాయిలోనే ఉన్నాను. గల్ఫులో ఎక్కడున్నా మావాళ్ళకు అది దుబాయే, చెప్పి చెప్పి విసిగి ఊరుకున్నాను.

మా ఇద్దరినీ కలిపింది మేం చేసిన ఒకే తప్పు. ఆయన ఒకప్పుడు సినిమా బ్యానర్లు వేసిన మనిషి. నలభై అడుగుల హీరోని నిచ్చెన మీద నిలబడి వేసేవాడు. నాది చిన్న ఫోటోలను పెద్ద బొమ్మలుగా గీసే ఎన్‌లార్జ్‌మెంట్ పని. ఫ్లెక్సీలొచ్చి ఆయన పొట్ట కొట్టాయి, కంప్యూటర్లొచ్చి నా పొట్ట కొట్టాయి. ఆయన్ని ఒక ఏజెంటు, నన్ను ఇంకో ఏజెంటు "పెయింటర్ వీసా ఉంది" అని పిలిచారు. పెయింటర్ అంటే బొమ్మలు వేసేవాడే అనుకున్నాం ఇద్దరం. నేనైతే సంచీలో కుంచెలు చుట్టుకుని మరీ విమానం ఎక్కాను. మొదటి రోజు ఫోర్‌మన్ నా చేతిలో ఎనిమిది అడుగుల కర్రకు తగిలించిన రోలరు పెట్టి "యల్లా" అన్నాడు, కానియ్యి అని. గోడలకు రంగులు వేసే పనికి వచ్చామని అప్పుడు తెలిసింది. అన్నకు నాకన్నా పదేళ్ళ ముందే తెలిసింది, అంతే తేడా.

పుస్తకం దొరికింది ఈసా టౌన్‌లో, పాత సామాన్లు అమ్మే చోట. ఒక శుక్రవారం సెలవునాడు అన్న చెప్పుల కోసం వెళ్ళి పుస్తకంతో వచ్చాడు. అట్ట లేదు, అక్షరాలు మాకు రావు. రష్యన్ అని గదిలో ఒకడు చెప్పాడు. అన్న ఫోను కెమెరా పట్టి ఆ బొమ్మ కింద రెండు వరుసలు తెలుగు చేయించాడు. పందొమ్మిదో శతాబ్దమని, తోటి చిత్రకారుడి రూపమని వచ్చింది. పేర్లు ఇద్దరివీ నోరు తిరగనివి. పక్క పేజీ అంతా కూడా పట్టి చూశాడు గాని, ఫోను ఏవేవో గాలి కబుర్లు చెప్పింది. అందుకని చదవడం మానేసి చూడటం మొదలుపెట్టాం. ఒక చలికాలం శుక్రవారాలన్నీ ఆ ఒక్క పేజీ ముందే గడిచాయి. గదిలో మిగతావాళ్ళు "గా తాగుబోతోనిల ఏం కనవడ్తదే మీకు?" అని ఎగతాళి చేసేవాళ్ళు.

నాకేం కనిపించేదో చెప్పాలంటే నా పాత పని గురించి చెప్పాలి. మా వైపు ఇంట్లో మనిషి పోతే గోడకు పెద్ద ఫోటో కావాలి. ఉన్న ఫోటో బొటనవేలంత ఉంటుంది, రేషన్ కార్డు మీదిదో, పెళ్ళి గుంపులో సగం మొహం కనిపించేదో. దాని మీద గళ్ళు గీసి, ఆ గళ్ళను పెద్ద కాగితం మీద పెంచి మనిషిని దించాలి. పదహారేళ్ళలో ఒక్కరు కూడా నన్ను "ఉన్నది ఉన్నట్టు గియ్యి" అనలేదు. "జర బుగ్గలు నింపు సారూ" అనేవాళ్ళు. "కండ్లు మంచిగ తెరిపియ్యి" అనేవాళ్ళు. బనీను తప్ప ఎరగని రైతుకు కోటు తొడిగాను. టీబీతో పోయిన ముసలామెకు చెంపలు గుండ్రంగా చేశాను. కొడుకు వచ్చి చూసి "మా అవ్వే, అచ్చం మా అవ్వే" అని నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. అంతకన్నా ఏం కావాలి? నాకు తెలిసిన ప్రేమ అదే, బుగ్గలు నింపడం. అలాంటివాణ్ణి ఆ రష్యా బొమ్మ చూస్తే కోపం రాక ఏమొస్తుంది?

అన్న చూపు వేరు. "మేం విలన్‌కి కళ్ళ కింద ఆకుపచ్చ పూసేవాళ్ళంరా," అన్నాడోసారి, పేజీని కిటికీ వైపు తిప్పి. "హీరోకి గులాబీ. ఈయన చూడు, స్నేహితుడికి ఆకుపచ్చ పూశాడు. అయినా వాడు విలన్‌లా లేడు. ఎందుకంటావ్?"

రెండు మూడు శుక్రవారాలు పోయాక జవాబు దొరికినట్టుంది, ఉల్లిపాయలు తరుగుతున్న నన్ను పిలిచి చూపించాడు.

"ఈయన మనల్ని చూడట్లేదు. కాస్త పైకి చూస్తున్నాడు, కనబడిందా? ఎదురుగా నిలబడి వేసేవాణ్ణి చూస్తున్నాడు. తనెలా అయిపోయాడో వాడికి కనబడుతుందని తెలుసు. తెలిసీ కాలరు సర్దుకోలేదు, మొహం తిప్పుకోలేదు. నేనిలా ఉన్నాన్రా, చూసుకో అన్నట్టు కూర్చున్నాడు."

"చూసి ఏం జేస్తడన్నా ఆయన?"

"ఏం చెయ్యడు. చూస్తాడు. ఒకడన్నా చూడాలి కదరా."

అప్పటికి ఆయన మొహం కూడా అలాగే అయిందని నేను గమనించనట్టే ఉన్నాను. రంగుకు ముందు లప్పం పట్టించిన గోడలను ఎమరీ కాగితంతో రుద్దితే లేచే తెల్లటి దుమ్ము, స్ప్రే గన్ పొగ, ఇరవై ఏళ్ళు. మూతికి గుడ్డ కట్టుకుంటే ఊపిరాడదని విప్పేసేవాడు. ఆ జనవరిలో ఛాతీకి ఫోటో తీశారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని, దుమ్ము పని ఇవాళే మానేస్తే కొన్నేళ్ళు బాగా బతకొచ్చని, మానకపోతే తాను చెప్పగలిగిందేమీ లేదని డాక్టరు చెప్పింది. పక్కన నేనే ఉన్నాను. ఆమె హిందీలో చెప్పింది, అనుమానానికి తావు లేకుండా చెప్పింది.

కంపెనీతో ఆయన ఒప్పందం మార్చి నెలాఖరుకు అయిపోతుంది. ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టొచ్చు, లేదంటే ఇంటికి పోవచ్చు. ఎవరూ బలవంతం పెట్టలేదు. మరి పోవచ్చు కదా అంటే, అక్కడే ఉంది చిక్కు. ఇరవై ఏళ్ళుగా భార్యకు "బాగున్నాను" తప్ప ఇంకో మాట చెప్పి ఎరగడు. వీడియో కాల్ చేస్తే కిటికీకి వీపు పెట్టి కూర్చునేవాడు. ఫోనులో మొహాన్ని నున్నగా చేసేదేదో ఉంటుంది, అది పెట్టుకునేవాడు.

"నాకు బాగాలేదు, వచ్చేస్తున్నానని చెప్పలేనురా," అన్నాడు. "ఆవిడ రమ్మనాలి. పిలిస్తే వచ్చినోడు వేరు, వచ్చి కూర్చున్నోడు వేరు. మా ఊళ్ళో వచ్చి కూర్చున్నోళ్ళని చూశాను, అరుగు మీద కుక్కకున్న విలువ ఉండదు."

"నేను ఫోన్ జేసి చెప్త వదినకు."

"చెబితే నా మీద ఒట్టే. నువ్వడిగి పిలిపిస్తే అది పిలుపెలా అవుద్ది?"

అంత మొండి మనిషి. తిట్టాను కూడా. నా తిట్లన్నీ విని, ఆయన పుస్తకంలో ఆ పేజీ తెరిచి నా ఒళ్ళో పెట్టాడు.

"నన్నిలా వెయ్యి. ఫొటో పంపితే లైటు బాలేదంటాది. బొమ్మయితే ఎదురుగా ఇంకో మనిషి కూర్చుని చూశాడని తెలుస్తాది. ఆవిడ చూస్తాది, తనే అంటాది రమ్మని. నువ్వేం చెప్పక్కర్లేదు, నేనేం చెప్పక్కర్లేదు."

ఇది పిచ్చి ఆలోచన అని ఎవరైనా అంటారు. నాకు మాత్రం ఆ క్షణాన అది పిచ్చిగా అనిపించలేదు, గర్వంగా అనిపించింది. రోలరు పట్టుకున్న పదకొండేళ్ళలో నన్ను బొమ్మ వెయ్యమన్నవాడు ఆయనొక్కడే.

సైటు నుంచి చెక్క ముక్క తెచ్చి, లప్పం పూసి నునుపు చేశాను. డబ్బాల అడుగున మిగిలిన ఎనామెల్ రంగులు, ఊరి నుంచి తెచ్చి ఒక్కసారి కూడా తడపని కుంచెలు. ఆయన కిటికీ పక్కన డ్యూటీ చొక్కాతో కూర్చున్నాడు. కాలరు ఒకవైపు కావాలనే మడిచి పెట్టుకున్నాడు. అది చూసి నవ్వుకున్నాం. మొదటి శుక్రవారం గీతలు నిజంగానే పడ్డాయి. కంటి గుంటలు, కంఠం కింద ఎముకలు, చెంపలో పడ్డ లొత్త, అన్నీ ఎక్కడివక్కడ. ఆరోజు నేను ఆ రష్యా ఆయనతో సమానమనుకున్నాను, అబద్ధం ఎందుకు.

రెండో శుక్రవారం రంగు మొదలైంది. ఎడమ చెంప లొత్తలో ఆకుపచ్చ కలిపి పెట్టగానే నా ఎదురుగా చెక్క మీద శవం కనిపించింది. తలెత్తి చూస్తే కుర్చీలోనూ అదే ఉంది, నన్ను చూసి కొంచెం నవ్వుతూ. ఆ ఒక్క చోట కొంచెం వెలుతురు పెడదాం, తర్వాత తీసేద్దాం అనుకున్నాను. ఒక చెంపకు పెట్టాక రెండో చెంప వేరుగా కనిపించింది, దానికీ పెట్టాను. చెంపలు వచ్చాక కళ్ళు అతకలేదు. మూడో శుక్రవారం కళ్ళు తెరిపించాను. ముక్కు పక్క గీత మెత్తబరిచాను. అంతా కొంచెం కొంచెమే. ప్రతిసారీ ఇది నిజానికి దగ్గరగానే ఉందని నన్ను నేను నమ్మించుకున్నాను. కాలరు ఎప్పుడు సర్దానో నాకు ఇప్పటికీ గుర్తు లేదు.

పూర్తయ్యేదాకా ఆయన చూడనన్నాడు. తిప్పి చూపించినప్పుడు గదిలోవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. "అరె భాయ్, అచ్చం నీ తీర్గనే ఉన్నది!" అన్నాడు నిజామాబాద్ అతను. అన్న చాలాసేపు చూశాడు. నేను ఆయన మొహం చూశాను. అప్పుడు కనిపించింది నాకు, రెండు మొహాలూ పక్కపక్కన ఉన్నప్పుడు. బొమ్మలోవాడికి ఇంకా ఇరవై ఏళ్ళ ఆయుష్షుంది.

"బాగుందిరా," అన్నాడు. "పెళ్ళినాటికి ఇలాగే ఉండేవాణ్ణి."

"అన్నా, మల్ల గీస్త. వచ్చే శుక్రవారం, ఒక్క దినంల అయిపోతది. రంగు గీకేస్త."

"ఎల్లుండే సంతకం. ఇవాళ పంపుతానని ఆవిడకి చెప్పేశాను, మా తమ్ముడు నా బొమ్మ వేస్తున్నాడు, చూసి ఏమనిపిస్తే అది చెప్పు అని." ఫోను తీస్తూ, "ఆవిడ కనిపెడతాదేమోలేరా," అన్నాడు. "ఇరవై ఆరేళ్ళ కాపరం."

ఫోనుతో బొమ్మను ఫొటో తీసి పంపాడు. మధ్యాహ్నం అన్నాలు తింటుండగా వాయిస్ మెసేజ్ వచ్చింది. అందరి ముందే పెట్టాడు. "ఎంత కళగా ఉన్నారండీ! ఒళ్ళు కూడా చేశారు. ఆ తమ్ముడెవరో గాని చల్లగా ఉండాలి. నాకు మీ గురించి ఏదో బెంగగా ఉండేది, ఇప్పుడు నిశ్చింతగా ఉందండి. మీ ఇష్టం వచ్చినన్నాళ్ళు ఉండి రండి, ఇక్కడ నేను చూసుకుంటాను." ఆయన ఇంకోసారి విన్నాడు. తర్వాత పెరుగు కలుపుకుని తినడం పూర్తి చేశాడు. రెండు రోజులకు పోయి సంతకం పెట్టి వచ్చాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నేనే ఆగలేక ఒకరోజు బస్సులో కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "నీ తప్పేముందిరా," అన్నాడు. "నీకు నేనంటే ఇష్టం. అదే అడ్డమొచ్చింది." ఆ మాట పుండు మీద కారం చల్లినట్టైంది నాకు.

ఆ రష్యా ఆయనకూ స్నేహితుడంటే ఇష్టమే అయి ఉంటుంది. ఇప్పుడు ఆ పేజీ తెరిస్తే నాకు అదే కనిపిస్తుంది. పడనివాడైతే ముక్కు ఎరుపు చూసి నవ్వేవాడు, కంటి కింద రంగు కోసం అన్ని రకాల ఆకుపచ్చలు కలిపేవాడు కాదు. ఒక్క కుంచె వెలుతురు పెడదామని ఆయనకూ అనిపించే ఉంటుంది, కూర్చున్నవాడు అడగకపోయినా. పెట్టలేదు. నేను పగ అనుకున్నది ఆ పెట్టకపోవడమే. నాకు బొమ్మ వెయ్యడం వచ్చు, అది రాదు. ఎన్నేళ్ళు నేర్చుకున్నా వస్తుందని కూడా అనుకోను.

జూలైలో, సనాబిస్‌లో ఒక అపార్టుమెంటు పనిలో, మూడో అంతస్తు మెట్ల మీద అన్న కూర్చుండిపోయాడు. నీళ్ళు తాగి లేస్తానన్నాడు గాని లేవలేదు. ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాడు. మొదటి రెండు రోజులు మాట్లాడాడు, ఎక్కువగా గది కరెంటు గురించి, వంట వంతు ఎవరిదన్న దాని గురించి. బొమ్మ మాట ఎత్తలేదు. తర్వాత ముక్కుకు గొట్టాలు పెట్టారు. పదో రోజు పోయాడు. పెట్టె విమానం ఎక్కించి వచ్చి నేను కింద మంచం మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. నా మీద నాకు అసహ్యం తప్ప ఇంకేం రాలేదు.

పెద్ద కర్మ అయిన తర్వాత వచ్చిన శుక్రవారం, పొద్దున పదింటప్పుడు, తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. వదిన. అంతకుముందు ఆమెతో నేను ఒక్కసారీ మాట్లాడలేదు. నా నంబరు అన్న ఫోనులో చూసి చేసింది. ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి అయిపోయిన గొంతు.

"బాబూ, మీరేనా బొమ్మ వేసింది?"

"నేనే వదినా."

"మిమ్మల్నొక మాట అడగాలండి. ఏడాది బట్టీ ఆయన దగ్గు వింటానే ఉన్నాను. మాట్లాడతా మాట్లాడతా ఫోను దూరం పెట్టేవోరు, నాకు తెలియదనుకునేవోరు. వచ్చెయ్యమని గట్టిగా చెప్పేద్దామని ఆరోజు పొద్దున్నే ఫోను తీశానండి. అప్పుడే మీ బొమ్మొచ్చింది. అది చూశాక, నేనే పిచ్చిదాన్ని, లేనిపోని భయాలు పెట్టుకున్నాననుకున్నాను."

ఆమె ఊపిరి పీల్చడం వినిపించింది.

"ఇక్కడందరూ అంటన్నారండి, ఎప్పట్నుంచో జబ్బంట, పెళ్ళానికి తెలియకుండా ఉంటదా అని. నాకు నిద్రుండట్లేదు. మీరు ఎదురుగా కూర్చుని చూసి వేశారు కదా బాబూ. అప్పటికి ఆయన బాగానే ఉన్నారు కదా?"

ఇన్నాళ్ళకు నిజం చెప్పే అవకాశం చేతికొచ్చింది. చెబితే ఆమె ఆ రోజును జీవితాంతం మోస్తుంది. చెప్పకపోతే నేను మోస్తాను. ఇదంతా ఆలోచించి తేల్చుకున్నానని చెప్పను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మంచిగనే ఉండె వదినా," అన్నాను. "బొమ్మల ఎట్లున్నడో, అట్లనే ఉండె."